మూడు పోయినయ్, నాలుగోది పడదా? బోరు గట్టు మీద యాదృచ్ఛిక చలరాశి

బోరు బండి వచ్చిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు. దేవరకొండ వైపు మాకు నాలుగెకరాల బత్తాయి తోట. చెట్లు కాపుకొచ్చాక ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే చాలు, ఏళ్ల కష్టం కట్టెల పాలు. ఆ ఏడు మా బావి అడుగంటింది. నాయిన అప్పు తెచ్చి తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చే బోరు బండిని పిలిపించాడు. ఒక్కో రాడ్ దిగినప్పుడల్లా గట్టు మీద ఒక గులకరాయి పెట్టేవాడు, అడుగుల లెక్కలో మోసపోకూడదని. లోతు పెరిగే కొద్దీ అడుగు రేటూ పెరుగుతుంది మరి. తెల్లటి దుమ్ము లేచి బత్తాయి ఆకుల మీద పిండి చల్లినట్టు పడేది. మేస్త్రీ ఆ పొడిని గుప్పెట్లోకి తీసుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, తడి లేదని తల అడ్డంగా ఊపేవాడు. "ఇంకో రాడ్ పోవాలా అన్నా?" అని వచ్చీరాని తెలుగులో అడిగేవాడు.

ఆ ఎండాకాలం మూడు బోర్లు ఫెయిలయ్యాయి. నాలుగోదానికి అప్పు అడగబోతూ నాయిన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మూడు పోయినయ్. నాలుగోది గూడ పోతదా?"

నేనప్పుడు ఇంటర్ సెకండియర్. మ్యాథ్స్ టూ-ఏ చివరి పాఠం యాదృచ్ఛిక చలరాశులు, సంభావ్యతా విభాజనాలు. 'శాంపుల్ స్పేస్ నుంచి వాస్తవ సంఖ్యలకు నిర్వచించిన ప్రమేయం' అని బట్టీ పట్టి, పరీక్షలో ఏడు మార్కుల ప్రశ్నకు ఏడూ తెచ్చుకున్నాను. నాయిన ప్రశ్నకు జవాబు ఆ పాఠంలోనే ఉందని మాత్రం తట్టలేదు. తర్వాత స్టాటిస్టిక్స్ చెప్పే ఉద్యోగంలోకి వచ్చాక గానీ ఆ పాఠం నాకే సరిగ్గా ఎక్కలేదు.

అసలు చిక్కంతా పేరులోనే ఉంది. 'యాదృచ్ఛిక చలరాశి' అంటే ఎటు పడితే అటు ఎగిరే అంకె ఏదో ఉందనిపిస్తుంది. నిజానికి అది మారదు, ఎగరదు. అది ఒక కొలమానం, జరిగిన దానికి ఒక అంకె కట్టే నియమం. యాదృచ్ఛికత ఉన్నది నేల కింద ఏముందో తెలియకపోవడంలో. నియమంలో అనుమానానికి చోటు లేదు.

మూడు బోర్లు వేస్తే ఏమేం జరగొచ్చు? నీళ్లు పడితే 'ప', పోతే 'పో' అని రాసుకుందాం. ప-ప-ప నుంచి పో-పో-పో దాకా మొత్తం ఎనిమిది కథలు. ఈ ఎనిమిదీ కలిస్తే శాంపుల్ స్పేస్. ఇప్పుడు మా ఇంట్లో ఒక్కొక్కరు వీటిని ఒక్కో విధంగా చూస్తారు. నాయిన చూసేది ఎన్ని పడ్డాయని. పో-ప-పో అయితే ఆయన అంకె 1. అమ్మ చూసేది ఎన్ని పోయాయని. బోరు పోయినప్పుడల్లా ఒక నగ తాకట్టుకు వెళ్తుంది కాబట్టి, అదే కథకు ఆమె అంకె 2. అప్పిచ్చిన మామ చూసేది మొదటిసారి నీళ్లు ఎన్నో బోరుకు పడ్డాయని. ఆయనకూ 2 వచ్చింది గానీ, ప-పో-పో అయ్యుంటే అమ్మకు 2, ఆయనకు 1. మూడూ పోతే ఆయన అంకె 0 అనుకుందాం. కథ ఒకటే, అంకె కట్టే నియమాలు మూడు. అంటే మూడు వేర్వేరు యాదృచ్ఛిక చలరాశులు. పుస్తకం వీటిని ఎక్స్, వై, ఎన్ అని పిలుస్తుంది, అంతే తేడా.

నాయిన పెట్టిన గులకరాళ్లూ అలాంటివే. పన్నెండు రాళ్లుంటాయి, పదమూడుంటాయి, పన్నెండుంపావు ఉండవు. ఇలా ఒకటి, రెండు అని లెక్కపెట్టగలిగే విలువలే తీసుకుంటే అది విచ్ఛిన్న చలరాశి. జల తగిలిన లోతు, ఆ ఏటి వాన, బత్తాయి కాయ బరువు కొలిచేవి, లెక్కపెట్టేవి కావు. అవి అవిచ్ఛిన్నం. వాటి గణితం వేరు, ఇక్కడ వాటి జోలికి వెళ్లను.

అంకెలు కట్టాక, ఒక్కో అంకె ఎంత తరచుగా వస్తుందన్నది రెండో మెట్టు. ఇక్కడ ఊళ్లో చాలామంది చేసే తప్పొకటుంది. "పడితే పడతయ్, లేకుంటే లేదు, ఫిఫ్టీ-ఫిఫ్టీ" అంటారు. ఫలితాలు రెండున్నంత మాత్రాన అవకాశాలు సమానం కావు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్ల గోడు దేశానికి వినబడాలని జలసాధన సమితి పిలుపుతో చాలామంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అంతమాత్రాన ఒక్కొక్కరి గెలుపు అవకాశం 480లో ఒకటని ఎవరైనా అంటారా? బోరు దగ్గర మాత్రం అదే లెక్క వేస్తాం.

లెక్క కోసం ఒక బోరుకు నీళ్లు పడే సంభావ్యత 0.4 అనుకుందాం. ఇది నేను ఊహించుకున్న అంకె, ఏ సర్వేలోదీ కాదు. ఒక బోరుకు మరో బోరుకు సంబంధం లేదని కూడా ప్రస్తుతానికి ఒప్పుకుందాం. ఈ ఒప్పుకోలు దగ్గరికి మళ్లీ వస్తాను, అసలు గొడవ అక్కడే ఉంది.

మూడూ పోవాలంటే 0.6ను మూడుసార్లు గుణించాలి: 0.216. సరిగ్గా ఒకటే పడాలంటే 0.4 ఒకసారి, 0.6 రెండుసార్లు, అంటే 0.144. కానీ ఆ ఒక్కటి మొదటిదైనా కావచ్చు, నడిమిదైనా, చివరిదైనా. మూడు దారులు కాబట్టి మూడింతలు, 0.432. పిల్లలు ఎక్కువగా మరిచిపోయేది ఈ 'మూడింతలు' దగ్గరే. రెండు పడటానికి 0.288, మూడూ పడటానికి 0.064. నాలుగూ కూడితే సరిగ్గా 1. కూడినప్పుడు 1 రాలేదంటే ఏదో కథను వదిలేశామనో, రెండుసార్లు లెక్కించామనో అర్థం. ఈ 1 అనే మొత్తాన్ని నాలుగు విలువల మీద పంచి పెట్టిన పంపకమే సంభావ్యతా విభాజనం. ఆస్తి పంపకం లాంటిదే, ఎవరి వాటా ఎంతన్నది తేలాలి, ఏమీ మిగలకూడదు.

ఇలా పడటం-పోవడం అనే రెండే ఫలితాలున్న పనిని స్థిరమైన సంభావ్యతతో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ముందే అనుకున్నన్ని సార్లు చేస్తే వచ్చేది ద్విపద విభాజనం. దీన్ని పద్ధతిగా రాసినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన యాకోబ్ బెర్నూలీ. 1705లో ఆయన చనిపోతే, పుస్తకం 1713లో అచ్చయింది. ఇప్పటికీ అలాంటి ఒక్కో ప్రయత్నాన్ని బెర్నూలీ ప్రయత్నమనే అంటాం.

చేతిలో ఈ పనిముట్టు ఉంటే ఊళ్లో కొన్ని మాటలను తూకం వేయొచ్చు. మా వైపు బోరు పాయింట్ పెట్టేవాళ్లు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడుస్తారు. కాయ నిలబడ్డ చోట సున్నంతో గుర్తు పెడతారు. ఓ పాజిటివ్ రక్తం వాళ్ల చేతిలోనే కాయ లేస్తుందని ఒక మాట కూడా ఉంది. "నేను చూపిన పదిట్ల ఏడు పడ్డయ్" అని ఒకాయన చెప్పుకుంటాడు. నమ్మాలా? 0.4 సంభావ్యతతో పది బోర్లు కళ్లు మూసుకుని వేసినా, ఏడు లేదా అంతకంటే ఎక్కువ పడే అవకాశం సుమారు 0.055. చిన్నదే. కానీ చుట్టుపక్కల కాయ పట్టేవాళ్లు ఇరవై మంది ఉన్నారనుకోండి. ఇరవైని 0.055తో గుణిస్తే 1.1. అంటే వాళ్లెవరికీ ఏ విద్యా రాకపోయినా, సగటున ఒకరికి ఆ రికార్డు వస్తుంది. అందరూ పిలిచేది ఆ ఒక్కరినే. పదింట రెండు పడ్డవాడు తన రికార్డు చెప్పుకుంటూ తిరగడు కదా.

ఇక అంకమధ్యమం. ప్రతి విలువనూ దాని వాటాతో గుణించి కూడితే మూడు బోర్లకు 1.2 వస్తుంది. ఒక బోరు, ఇంకో బోరులో ఐదో వంతు. ఇలాంటిది ఏ చెలకలోనూ కనబడదు. దీన్ని ఇంగ్లీషులో 'ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ' అనడం నా దృష్టిలో చరిత్రలో పెట్టిన చెడ్డ పేర్లలో ఒకటి. దాన్ని ఎవరూ ఎదురు చూడరు, చూసినా రాదు. వెయ్యి సార్లు చేస్తే ఒక్కోసారికి ఎంత పడుతుందన్నదే అది. వెయ్యి బోర్లకు అప్పులిచ్చేవాళ్లకు ఆ అంకె అన్నం పెడుతుంది. రైతు వేసేది మూడు, మహా అయితే నాలుగు. అతనికి కావలసింది సగటు కాదు, పంపకం మొత్తం. అందులోనూ ఆ 0.216 వాటా. బోరు బండికి ఈ బాధే లేదు, నీళ్లు పడ్డా దుమ్ము లేచినా అడుగుకు ఇంతని తీసుకుంటుంది.

అప్పిచ్చిన మామ చలరాశి ఇంకా చెబుతుంది. నీళ్లు పడేదాకా వేస్తూ పోతే ఎన్నో బోరుకు పడతాయి? మొదటిదానికి 0.4. రెండోదానికి 0.24, మూడోదానికి 0.144. ఒక్కోటి ముందుదానిలో 0.6 వంతు. దీన్ని గుణోత్తర విభాజనం అంటారు. దీనికి పైన హద్దు లేదు, తోక సన్నబడుతూ పోతుంది గానీ తెగదు. విచ్ఛిన్నం అంటే కొన్ని విలువలే ఉండాలని కాదు, లెక్కపెట్టగలిగితే చాలు. నల్లగొండ దగ్గరి ముషంపల్లిలో మనుషుల కన్నా బోర్లే ఎక్కువని పత్రికల్లో వచ్చింది. తెగని తోక అంటే ఏమిటో ఆ ఊరికి తెలుసు.

ఈ విభాజనంలో సగటు 2.5 బోర్లు. బోరుకు లక్ష అనుకుంటే రెండున్నర లక్షలు. "సగటున రెండున్నర లక్షలతో నీళ్లు" అంటే తోట ఉన్నవాడికి బేరం బాగానే అనిపిస్తుంది. ఐదు బోర్లూ వరుసగా పోయే అవకాశం ఎంత? 0.6ను ఐదుసార్లు గుణిస్తే దాదాపు 0.078. నూటికి ఎనిమిది మంది ఐదు లక్షలు పోసి దుమ్ము తిన్నవాళ్లు. వంద మంది బోర్లు వేసే ఊళ్లో ఒక్కరికి కూడా అలా జరగకుండా ఉండే అవకాశం పదివేలలో మూడు మాత్రమే. అలాంటివాడు ప్రతి ఊళ్లో ఉంటాడు. వాడిది శని అంటారు, ఇంటి వాస్తు అంటారు, పెళ్లాం అడుగుపెట్టిన వేళ అంటారు. లెక్క ప్రకారం ఊళ్లో ఎవరో ఒకరికి అది రాసిపెట్టే ఉంది. వాడు అక్కడ నిలబడి ఉన్నాడంతే.

ఇప్పుడు వదిలేసి వచ్చిన ఒప్పుకోలు దగ్గరికి వెళ్దాం. నాయిన మాటలో తప్పెక్కడుంది? క్లాసులో అడిగితే పిల్లలు టక్కున చెబుతారు, "బోరుకు జ్ఞాపకం ఉండదు సార్, మూడు పోయినా నాలుగోదానికి 0.4 అట్లనే ఉంటది" అని. గుణోత్తర విభాజనానికి ఈ గుణం నిజంగానే ఉంది. నాణెం విషయంలో అదే సరైన జవాబు. బోరు విషయంలో మాత్రం అదీ తప్పే.

ఎందుకంటే మా వైపు నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు నిలిచేది పైన అరిగి గుల్లబారిన పొరలో, కింద రాతి పగుళ్లలో. పగుళ్లున్న చెలకలో ఎక్కడ వేసినా ఎంతో కొంత ఆశ ఉంటుంది. బండ పరుచుకున్న చెలకలో ఏ మూల వేసినా దుమ్మే. మూడు బోర్లూ ఒకే చెలకలో వేసినప్పుడు వాటికి సంబంధం లేదనడం ఎలా?

రెండు వేల మంది రైతులను ఊహించుకోండి. సగం మందిది మంచి నేల, బోరు పడే అవకాశం 0.7. సగం మందిది బండ నేల, 0.1. ఎవరిది ఏ నేలో ఎవరికీ తెలియదు. మొదటి బోరుకు చూస్తే సరాసరి 0.4, మన పాత అంకే. ఇప్పుడు అందరూ మూడేసి వేశారు. మంచి నేలవాళ్లు వెయ్యి మందిలో మూడూ పోయినవాళ్లు 27 మంది. బండ నేలవాళ్లలో 729 మంది. మూడు పోగొట్టుకుని నాలుగోదానికి అప్పు అడుగుతున్నవాళ్లు మొత్తం 756 మంది, అందులో మంచి నేల ఉన్నది 27 మందికే. వాళ్లందరూ నాలుగోది వేస్తే, ఆ 27లో 19 మందికి, 729లో 73 మందికి పడతాయి. 756లో 92. అంటే 0.12.

మొదటి బోరుకు నలభై, నాలుగోదానికి పన్నెండు. మూడు పోయాక అవకాశం పెరగలేదు, అట్లాగే ఉండనూ లేదు, మూడో వంతు కన్నా తగ్గిపోయింది. పోయిన ప్రతి బోరూ నేల గురించి ఒక సాక్ష్యం చెప్పి పోయింది. నాయిన దాన్ని తీరవలసిన బాకీ అనుకున్నాడు.

ఇదే రెండు వేల మందిలో ఎన్ని బోర్లు పడ్డాయో మళ్లీ పంచి చూడండి. ఒక్కటీ పడనివాళ్లు 756, ఒకటి పడ్డవాళ్లు 432, రెండు 468, మూడు 344. బోర్లకు సంబంధం లేదనుకున్న పాత లెక్కలో ఇవే వరుసగా 432, 864, 576, 128. సగటు రెండింట్లోనూ 1.2, చుక్క కూడా తేడా లేదు. కానీ ఈ కొత్త లెక్కలో ఊరు రెండుగా చీలిపోయింది, మూడూ పడ్డవాళ్లు పెరిగారు, ఒక్కటీ పడనివాళ్లు ఇంకా పెరిగారు. ఈ చీలికను కొలిచేదే విస్తృతి. అంకమధ్యమం నుంచి ఒక్కో విలువ ఎంత దూరమో దాని వర్గానికి సగటు. పాత లెక్కలో అది 0.72, ఇప్పుడు 1.26. దాని వర్గమూలం ప్రామాణిక విచలనం, 0.85 నుంచి 1.12కు పెరిగింది. పరీక్షలో విస్తృతి సూత్రం అందరూ రాస్తారు. ఒక్కటీ పడనివాళ్లు 432 నుంచి 756 అయ్యారే, ఆ 324 మంది అదనపు రైతులు దాంట్లో ఉన్నారని ఎవరూ చెప్పరు.

పాఠంలో మిగిలిన పాయిజాన్ విభాజనం గురించి రెండు ముక్కలు. అవకాశాలు లెక్కలేనన్ని, ఒక్కోదానికి జరిగే సంభావ్యత అతి తక్కువ, సగటు మాత్రం తెలుసు. అలాంటి చోట ఇది పనికొస్తుంది. సూత్రాన్ని ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ 1837లో అచ్చువేశాడు. పేరు తెచ్చింది మాత్రం గుర్రాలు. 1898లో బోర్ట్‌కీవిచ్ అనే ఆయన ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయినవాళ్ల లెక్క తీశాడు. పది దళాలు, ఇరవై ఏళ్లు, మొత్తం 200 పద్దులు. ఒక్క చావూ లేనివి 109, ఒకటి ఉన్నవి 65, రెండు 22, మూడు 3, నాలుగు 1. సూత్రం చెప్పిన అంకెలు 109, 66, 20, 4, 1. మన దగ్గర ట్రాన్స్‌ఫార్మర్లు కాలడానికి ఇదే చొక్కా సరిపోవచ్చు. ఊరికి సగటున నెలకొకటి కాలుతుందనుకుంటే, మూడో అంతకన్నా ఎక్కువో కాలే నెల ఏడాదికి ఒకటి దానంతట అదే వస్తుంది. ఆ నెల లైన్‌మన్‌ను కొట్టబోతారు. అయితే ఎండాకాలం అందరి మోటార్లూ ఒకేసారి నడిచి లోడు పెరిగితే సగటే మారిపోతుంది, అప్పుడు తప్పు చొక్కాది కాదు, కొలత తీసినవాడిది.

నాయిన నాలుగో బోరు వేశాడు. ఇంచు నీళ్లు పడ్డాయి. తోట సగం బతికింది. చాలా ఏళ్ల తర్వాత, ఉద్యోగంలో చేరాక, ఒక సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఈ రెండు వేల మంది రైతుల లెక్కంతా అరుగు మీద చాక్‌పీసుతో గీసి చూపించాను. ఓపిగ్గా విన్నాడు.

"అంటే నూటికి పన్నెండు. ఆ పన్నెండుల నేనున్న గదా."

"ఉన్నవు నాయినా. ఉన్నంత మాత్రాన అప్పు తెచ్చుడు కరెక్టని కాదు. మిగతా ఎనభై ఎనిమిది మంది గూడ నీ లెక్కనే అనుకున్నరు."

కాసేపు గీతల వంక చూశాడు. "మరి మూడు పోయి ఒకటి పడ్డంక, ఐదోది ఏస్తే ఎంత?"

చెయ్యక తప్పలేదు. పడ్డ ఆ 92 మందిలో మంచి నేలవాళ్లు 19, బండ నేలవాళ్లు 73. ఐదోది పడేది మొదటివాళ్లలో 13 మందికి, రెండోవాళ్లలో ఏడుగురికి. కాస్త అటూ ఇటూగా నూటికి ఇరవై రెండు.

"ఇరవై రెండు" అన్నాను.

"పెరిగింది గదా" అన్నాడు.